తడిపిన గుడ్డ

టైలరక్క ప్రతి పొద్దునా మిషను ముందు కూర్చోగానే, ఆ రోజు కుట్టాల్సిన గుడ్డను ముక్కుకి ఆనించి వాసన చూస్తుంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు. మడత విప్పి ఒకసారి, అంచు దగ్గర ఒకసారి, నడిమధ్యన ఒకసారి. ఆ తర్వాతే కత్తెర అందుకుంటుంది. దిండు గలీబులు కుట్టే ఆ హాల్లో ఇరవై మిషన్లున్నాయి. పక్క మిషను మీద కూర్చునే లావుపాటి ఆవిడ ఇది చూసి మొదట్లో తెగ నవ్వేది.

"ఏంటక్కా, జలుబు నీకా, గుడ్డకా?"

"రెండింటికీ లేదు. నువ్వు నీ సూది చూసుకో."

"చేపల బజార్లో కూడా నేనింత వాసన చూసి కొనను తల్లీ!"

టైలరక్క తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకుంటుంది. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. దిండు గలీబుల మధ్య చెప్పుకునే సంగతి కాదది.

వాళ్లమ్మ కూడా దర్జీయే. నోరున్న మనిషి. పని నేర్పినంతసేపూ పక్కనే కూర్చుని తిట్లూ సామెతలూ కలిపి వడ్డించేది. "కత్తెర పెట్టేముందు గుడ్డ తడపాలే. నోరు తెరిచేముందు మాట మింగాలే" అన్నది ఆమె సొంత సామెత. కొత్త నూలుగుడ్డ నీళ్లు తగిలితే ముడుచుకుంటుంది. తడపకుండా కుట్టిన బట్ట మొదటి ఉతుక్కే బిగుసుకుపోయి, తొడుక్కున్నవాళ్ల చేత కుట్టినవాళ్లను తిట్టిస్తుంది. అందుకని ముందు రాత్రే తొట్టిలో నానబెట్టి, చిటికెడు సబ్బు పొడి వేసి, మిల్లు వాళ్లు పెట్టిన గంజి వదిలేదాకా పిసికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కత్తెర పెట్టాలి. ఇది టైలరక్కకి ఎంత ఒంటబట్టిందంటే, తడపని గుడ్డ మీద కత్తెర పెట్టమంటే స్నానం చెయ్యకుండా పరీక్షకి వెళ్లమన్నట్టుండేది ఆమెకి.

అమ్మ పోయేనాటికి టైలరక్కకి ఇరవై నాలుగు, చెల్లికి ఏడు. నాన్న అంతకు ముందే ఇంకో ఊళ్లో ఇంకో ఇల్లు చూసుకున్నాడు. చెల్లి నోట్లో పాలపళ్లు ఊడుతున్న రోజుల నుంచి బస్టాండులో టికెట్ల కిటికీ దగ్గర ఉద్యోగం వచ్చేదాకా అన్నీ టైలరక్క చేతుల మీదే నడిచాయి. ఆ పిల్ల పెద్దమనిషైనప్పుడు పాత దుప్పటి చింపి పొరలు మడిచి కుట్టి ఇచ్చింది కూడా ఆమే.

చెల్లికి ఇరవై నాలుగో ఏట నెలసరి ఆగిపోయింది. మొదటి రెండు నెలలూ "పీడా విరగడైంది, కుర్చీలోంచి లేవనక్కర్లేకుండా టికెట్లు కోసుకుంటున్నా" అని నవ్వింది. మూడో నెల నుంచి నవ్వు తగ్గింది. ఆ గాజు కిటికీ వెనక కూర్చుంటే ఉన్నట్టుండి ఛాతీలోంచి మంట లేచి చెవుల దాకా పాకేది. వరుసలో నిలబడ్డ ముసలావిడ ఒకరోజు కిటికీలోంచి తొంగి చూసి, "నాకు ఇట్లా యాభై దాటాక వచ్చిందమ్మా, నీకేం తొందరొచ్చింది?" అని అడిగిందట. ఇంటికొచ్చి చెల్లి ఆ మాట చెప్పి నవ్వబోయి, నవ్వలేక, తొట్టిలో చేతులు పెట్టుకుని కూర్చుంది.

డాక్టరు చాలా పరీక్షలు చేయించి చెప్పింది. అండాశయాలు వేళకి పాతికేళ్ల ముందే అలిసిపోయాయి. ఒంట్లో పుట్టాల్సిన హార్మోను పుట్టడం లేదు. అది లేకపోతే నిద్ర పట్టదు, ఎముకలు గుల్లబారతాయి. ఆ లోటు మాత్రలతో పూడ్చొచ్చు అంది. మాత్రలు ఆరు నెలలు బాగానే పనిచేశాయి. ఏడో నెలలో చెల్లి ఎడమ కాలు తొడ దాకా వాచిపోయింది. నరంలో రక్తం గడ్డకట్టింది. అది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆసుపత్రి వాళ్లు ఆపగలిగారు గానీ, ఇక ఆ మాత్రల పేరెత్తొద్దన్నారు. "మరి ఎముకలు?" అని టైలరక్క అడిగితే డాక్టరు కాగితాలు మడిచిచ్చి, "పాలు తాగమనండి, ఎండలో నడవమనండి" అంది.

టైలరక్క అప్పుడే ఆడవాళ్ల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ఒక సంస్థకి నర్సుల యూనిఫారాలు కుట్టిచ్చింది. కుట్టు నచ్చి, వాళ్లు మెట్ల కింద ఒక గది ఇచ్చి అక్కడే పనిలో పెట్టుకున్నారు. గది అంటే గదే. మిషను పెట్టాక మనిషి పక్కకి తిరిగి లోపలికి వెళ్లాలి. పైన ఎవరు మెట్లు ఎక్కినా నెత్తిమీద నడిచినట్టే ఉండేది. నెల తిరక్కముందే అడుగుల చప్పుడును బట్టి ఎవరో చెప్పగలిగేది. అందరికంటే మెల్లగా, రెండు మెట్లకోసారి ఆగి ఎక్కే అడుగులు పెద్ద మేడంవి. ఆ విభాగానికి పెద్ద ఆవిడే. బక్కపలచటి మనిషి. కళ్లజోడు దారానికి వేలాడుతున్నా దాని కోసం బల్లంతా వెతికేది.

పెద్ద మేడం అడిగింది బనీన్లు. చేతుల్లేని నూలు బనీన్లు, రెండు చంకల దగ్గరా అరచేతి వెడల్పున గుడ్డ బిళ్లలు, లాగితే ఊడొచ్చేలా కచ్చాకుట్టుతో. కొందరు ఆడవాళ్లు వాటిని ఒక రాత్రీ ఒక పగలూ తొడుక్కుని తిరిగిస్తారు. చెమట పట్టిన బిళ్లల్ని ఊడదీసి గాజు సీసాల్లో పెట్టి గడ్డకట్టిస్తారు.

"చెమటతో ఏం చేస్తారు మేడం?" అని టైలరక్క అడిగింది.

"ఒక ఆడదాని ఒంటి నుంచి ఇంకో ఆడదాని ఒంటికి ఏదో కబురు వెళ్తుందేమోనని నా అనుమానం. ముక్కుకి వాసనగా తెలియకపోయినా, లోపల హార్మోన్లను కదిలించే కబురు."

"అంటే చెమట ఉత్తరమన్నమాట."

పెద్ద మేడం నవ్వింది. "ఉత్తరమే. రాసింది ఎవరో తెలుసు, అందేది ఎవరికో తెలుసు. లోపల ఏం రాసుందో తెలీదు. అసలు రాసుందో లేదో కూడా తెలీదు. అది తేల్చడమే నా పని."

అందుకునేవాళ్లు నలభై మంది. అందరూ చెల్లిలా వేళకి ముందే నెలసరి ఆగిపోయినవాళ్లు. వాళ్లలో సగం మందికి నెలసరి సక్రమంగా ఉన్నవాళ్ల చెమట బిళ్లలు, మిగతా సగం మందికి చెమట లేని ఉత్త బిళ్లలు. ఎవరివి ఏవో వాళ్లకి తెలియకూడదు, ఇచ్చేవాళ్లకీ తెలియకూడదు. పొద్దున్నే వచ్చి, సీసా మూత తీసి, పది లెక్కపెట్టేదాకా పీల్చి వెళ్లాలి. నెలకోసారి రక్తపరీక్ష. తేడా కనిపిస్తే, రెండో దశలో ఆ చెమటలోని పదార్థాన్ని విడదీసి ముక్కులో వేసుకునే చుక్కల మందు చేస్తారు.

టైలరక్క ఆ సాయంత్రమే చెల్లి కాగితాలు సంచీలో పెట్టుకొచ్చింది.

"నీ చెల్లెలన్న కారణానికి చేర్చుకోను" అంది పెద్ద మేడం, కళ్లజోడు వెతుక్కుంటూ. "వయసూ జబ్బూ సరిపోతే చేర్చుకుంటాను." కాగితాలు చదివి, రెండూ సరిపోయాయంది.

అలా ఇద్దరూ ఒకే కప్పు కింద చేరారు. అక్క మెట్ల కింద, చెల్లి మెట్ల పైన. చెల్లి పొద్దున్నే వచ్చి సీసా పీల్చి, దిగుతూ మెట్ల మీద రెండుసార్లు కాలితో తట్టేది. కింద అక్క కత్తెరతో బల్ల మీద రెండుసార్లు కొట్టేది. ఆ తర్వాత చెల్లి బస్టాండుకి పరిగెత్తేది.

చెమట ఇచ్చేవాళ్లకి పెద్ద మేడం రాసిన నియమాలు రెండు పేజీలు. ఉల్లి తినకూడదు, వెల్లుల్లి తినకూడదు, వాసన సబ్బు వాడకూడదు, పౌడరు రాసుకోకూడదు, పొగతాగేవాళ్ల పక్కన పడుకోకూడదు. "ఇన్ని నియమాలు పెడితే చెమట కూడా పట్టదేమో" అని బనీను కొలతకి వచ్చిన బడి టీచరమ్మ విసుక్కుంది. లోపల ప్రయోగశాలలో అందరూ ముక్కుకి గుడ్డలు, చేతికి తొడుగులు. సీసాకి వాళ్ల ముక్కు తగలకూడదు. వాసన మీద పరిశోధన చేసే ఆ మూడంతస్తుల్లో వాసన చూడగలిగింది ఆ నలభై మందే. వాళ్లని ఆ సంగతి ఎవరూ అడగలేదు.

పద్నాలుగో నెలలో ఒక పొద్దున స్నానాలగదిలోంచి చెల్లి "అక్కా!" అని అరిచింది. జారిపడిందనుకుని టైలరక్క చేతిలో గరిటెతోనే పరిగెత్తింది. చెల్లి గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఒక చేత్తో నోరు మూసుకుంది.

"వచ్చిందక్కా."

"ఏది?"

"ఇంకేదే, అదే!"

అక్కచెల్లెళ్లిద్దరూ ఆ తడి నేల మీదే కూలబడి నవ్వారు. పొయ్యి మీద పెట్టింది మాడిపోయింది. టైలరక్క ఆ రోజు దుప్పటి చింపలేదు, దుకాణానికి వెళ్లి ఖరీదైన ప్యాకెట్టు తెచ్చింది.

పెద్ద మేడం అంతా రాసుకుని, "ఈ జబ్బులో ఒక్కోసారి దానంతటదే వచ్చి పోతుంది. ఒక్కరికి ఒక్కసారి రావడం రుజువు కాదు. ఆశ పెట్టుకోవద్దు" అంది. కానీ ఆ తేదీ కింద ఆమె చెయ్యి రెండుసార్లు గీత గీయడం టైలరక్క చూసింది. మనిషి మాటకంటే చేతిని నమ్మడం దర్జీలకి అలవాటు. ఆమె ఆశ పెట్టుకుంది.

ఆ తర్వాత నెలల్లో మంచి కబుర్లే వచ్చాయి. కొందరికి నిద్ర పట్టింది, కొందరికి మంటలు తగ్గాయి. ఎదురుచూసే గదిలో బెంచీల మీద ఆడవాళ్లు గుసగుసలాడుకునేవాళ్లు. టైలరక్క గది తలుపు తీసి ఉంటే ఆ మాటలు వినపడేవి.

"నీ సీసాకి వాసనుందా?"

"ఆహా, సన్నగా. నీదో?"

"నాది ఉత్త సీసా కడిగిన స్పిరిటు కంపు. నా మొహానికి నిజంది ఎక్కడొస్తుందిలే. రేపట్నుంచి రానేమో."

టైలరక్క వింది. మిషను తొక్కుతూనే ఉంది. వాసనున్నది నిజంది, లేనిది ఉత్తది, అంతేగా అనుకుంది. పైగా చెల్లి సీసాకి వాసనుంది.

రెండున్నరేళ్లు తిరిగేసరికి రెండో దశకి అనుమతి ఇచ్చే పెద్దమనిషి తనిఖీకి వచ్చాడు. ఆయనా శాస్త్రవేత్తే. పొడుగాటి ముక్కు, పొట్టి మాటలు. రోజంతా కాగితాలు చూశాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. సాయంత్రం వెళ్లబోతూ ఫ్రిజ్‌లోంచి రెండు సీసాలు తీయించాడు. తర్వాత, ఆ మూడంతస్తుల్లో అంతవరకూ ఎవరూ చెయ్యని పని చేశాడు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ కిందకి లాగి, మూత తీసి పీల్చాడు. ఒకటి, రెండు. మళ్లీ మొదటిది.

"ఇది చెమట కాదు" అన్నాడు. "ఉతికిన బట్ట."

టైలరక్కని పైకి పిలిచారు. సూది జాకెట్టుకి గుచ్చుకునే ఆమె మెట్లెక్కింది. వరండాలో బెంచీ మీద చెల్లి ఉంది, ఆ రోజు రక్తపరీక్ష. గది తలుపు తెరిచే ఉంది.

"ఈ బిళ్లలు మీరేనా కుట్టేది?" అని ఆయన అడిగాడు.

"నేనే సార్. ఒక్క బిళ్ల కూడా దానంతటది ఊడలేదు ఇంతవరకు."

"గుడ్డ దుకాణం నుంచి రాగానే కుడతారా?"

టైలరక్కకి నవ్వొచ్చింది. చదువుకున్నవాళ్లకి ఇంత చిన్న సంగతి తెలియదా అనిపించింది. "తడపకుండా ఎవరైనా కుడతారా సార్? రాత్రంతా నానబెట్టి, చిటికెడు సబ్బు పొడి వేసి, గంజి వదిలించి, ఆరేసి అప్పుడు కుడతాను. లేకపోతే బనీను ముడుచుకుపోదూ? అదే తానులోంచి బిళ్లలూ కోస్తాను."

"చెమట లేని బిళ్లలు కూడానా?"

"అవి నాకు రావు సార్. వాటికి కుట్టు లేదుగా. ఫ్రిజ్ దగ్గర పనిచేసే అమ్మాయే దుకాణం నుంచి వచ్చిన తానులోంచి అలాగే కోసుకుంటుంది."

పెద్ద మేడం కళ్లజోడు మెడలో వేలాడుతూనే ఉంది, ఆమె వెతకలేదు. అది చూసి టైలరక్కకి ఏదో తేడా తెలిసింది. బెంచీ మీది గుసగుసలు గుర్తొచ్చాయి. వాసనున్నది నిజంది, లేనిది ఉత్తది. నలభై మందికీ మొదటి వారంలోనే తెలిసిపోయిందన్నమాట, ఎవరిది ఏదో. తెలిశాక నిజంది దొరికినవాళ్లు ఆశతో నిద్రపోయారు, ఉత్తది దొరికినవాళ్లు దిగులుతో మానేశారు. రెండున్నరేళ్లు పరీక్షించింది చెమటని కాదు, తన తొట్టిలోని సబ్బునీళ్లని.

పెద్ద మేడం మెల్లగా అడిగింది. "ఎప్పుడైనా ఒకటి రెండుసార్లు తడిపావా? లేక..."

ఆ ప్రశ్నలో ఒక దారి ఉంది. ఒకటి రెండుసార్లే అంటే కొన్ని సీసాలు తీసి పారేస్తారు, మిగతావి నిలబడతాయి. టైలరక్క తలుపు వైపు చూసింది. చెల్లి బెంచీ అంచుకి జరిగి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆమె వైపే చూస్తోంది. తల ఆడించడం లేదు, రెప్ప వెయ్యడం లేదు.

అమ్మ చెప్పినట్టు మాట మింగాల్సిన చోటు అదే. టైలరక్కకి పని గురించి అబద్ధం చెప్పడం చేతకాదు. ఎప్పుడూ నేర్చుకోలేదు.

"మొదటి తాను నుంచీ మేడం" అంది. "తడపకుండా ఒక్కటీ కుట్టలేదు."

ఆ వారమే ఎవరి సీసా ఏదో రాసిన చిట్టా విప్పారు. చెల్లివి చెమట బిళ్లలే. దాన్నిబట్టి ఏమీ చెప్పలేమని పెద్ద మేడం చెప్పింది. ఆ నెలసరి వచ్చింది చెమట వల్లా, సబ్బు వల్లా, ఆశ వల్లా, ఏ కారణం లేకుండానా, తేల్చే దారి లేదు. టైలరక్క ఆమె గది గుమ్మంలో నిలబడింది.

"మళ్లీ మొదలుపెట్టండి మేడం. తడపకుండా కుడతాను. ముడుచుకుపోతే పోనివ్వండి. కూలీ కూడా వద్దు."

"రెండోసారి డబ్బూ అనుమతీ ఎవరూ ఇవ్వరమ్మా." పెద్ద మేడం బల్ల సొరుగులు ఖాళీ చేస్తోంది. "తప్పు నీది కాదు. మనుషులకి రెండు పేజీల నియమాలు రాశాను. గుడ్డకి ఒక్క ముక్క రాయలేదు. రోజూ నీ గది మీదుగానే మెట్లు దిగుతూ పోయాను గానీ, ఎలా కుడుతున్నావని ఒక్కరోజూ అడగలేదు."

తప్పు నీది కాదన్న మాట వినడానికి బాగుంటుంది. దానితో ఎముకలు గట్టిపడవు.

ఆ రాత్రి చెల్లి తొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుంది. తొట్టిలో ఇంకెవరిదో గుడ్డ నానుతోంది. దాన్ని చూస్తూ అంది: "నాకు మొదటిరోజే తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"మూత తియ్యగానే మన తొట్టి వాసన. చిన్నప్పుడు నీ ఒళ్లో పడుకుంటే వచ్చేదే."

టైలరక్క చేతిలో పని ఆగిపోయింది. "తెలిసీ చెప్పలేదా? అప్పుడే చెప్పుంటే సరిదిద్దేవాళ్లు కదే!"

"నువ్వు కుట్టావు కాబట్టి నీ వాసనొస్తుంది, అంతేననుకున్నా. తప్పని నాకేం తెలుసు?" చెల్లి నీళ్లలో వేలు తిప్పింది. "పైగా, బాగుండేది. పొద్దున్నే అది పీల్చి పోతే ఆ రోజు కిటికీ దగ్గర మంట వచ్చినా ఏడుపు వచ్చేది కాదు."

టైలరక్క తొట్టిలోని గుడ్డ తీసి, పిండకుండానే దండెం మీద వేసింది. నీళ్లు కారుతూ ఉండిపోయాయి.

రెండు నెలలాగి, ఉండబట్టలేక, తడపని గుడ్డతో ఆరు బనీన్లు కుట్టింది. పుట్టి బుద్ధెరిగి ఆమె అలా కుట్టడం అదే మొదలు. కాగితంలో చుట్టి సంస్థకి తీసుకెళ్లింది. గేటు దగ్గర కాపలా ఆయన గుర్తుపట్టి లోపలికి పోనిచ్చాడు గానీ, పైన విభాగం తలుపుకి తాళం. పెద్ద మేడం పేరు పలక ఉన్నచోట నాలుగు మేకుల రంధ్రాలు. మెట్ల కింద గదిలో విరిగిన కుర్చీలు పేర్చారు. బనీన్లు ఎవరికివ్వాలో తెలియక తిరిగి తెచ్చేసింది. చెల్లి ఒకటి తొడుక్కుంది. మొదటి ఉతుక్కే బిగుసుకుపోయింది.

నెలసరి చెల్లికి మళ్లీ రాలేదు. పద్నాలుగో నెలలో వచ్చిన ఆ ఒక్కసారే. ఆ ప్యాకెట్టులో మిగిలినవి అలమరలో అడుగున ఉన్నాయి. టైలరక్క అప్పుడప్పుడూ అలమర సర్దుతుంది, వాటిని మాత్రం కదిలించదు. పెద్ద మేడం ఏమైందో తెలీదు. ఒకసారి బజార్లో అలాంటి నడక, రెండడుగులకోసారి ఆగే నడక, వెనక నుంచి చూసి టైలరక్క పక్క సందులోకి తిరిగిపోయింది. చూసింది ఆమెనో కాదో ఇప్పటికీ తెలీదు.

టైలరక్కకి ఇప్పుడు యాభై ఒకటి. రోజుకి నూటయాభై గలీబులు కుడుతుంది, తడపని గుడ్డతోనే. అక్కడ తడిపే తొట్టి లేదు, అడిగేవాళ్లూ లేరు. చెల్లికి ముప్ఫై నాలుగు. పోయిన నెల ఆమె కుడిచేతి మణికట్టు విరిగింది. పడలేదు, దెబ్బ తగల్లేదు. టికెట్ల కిటికీ గడియ తీసింది, అంతే. కట్టు విప్పేదాకా అక్కే జడ వేస్తోంది.